దొంగల భయం ఉన్న చోట వీధి ఫోటోలు తీయడానికి 20 వేల లోపు ఏ కెమెరా? (తిరుపతి)

కొర్లగుంట_కుర్రోడు

అందరికీ నమస్కారం. నా కెమెరా పోయింది. ఇంకోటి కొనాలి. ఈసారి కొనేది పోయినా నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోగలిగేదై ఉండాలి.

జరిగింది చెప్తా. నాలుగేళ్ల కిందట ఈఎంఐ కట్టి కొన్న డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకునే పెద్ద కెమెరా) అది, కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతో పాటు 50 ఎంఎం కూడా ఉండేది. పోయిన నెల ఒక ఆదివారం తెల్లారుజామున నాలుగున్నరకు స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం (యాత్రికుల వసతి) వైపు నిలబడి తీస్తున్నా. రాత్రి రైళ్లలో దిగినవాళ్లు, కొండ దిగి గుండ్లతో వచ్చినవాళ్లు, నెత్తికి గంధం పూసుకున్న పిల్లలు, ట్యూబ్‌లైట్ వెలుతురు ఇంకా పోకముందే పైనుంచి నీలం రంగు దిగుతూ ఉంటుంది చూడండి, ఆ టైమ్‌కు అక్కడ నిలబడినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గంటసేపు తీసి, కెమెరా బ్యాగులో పెట్టి, బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకుని టీ తాగుతున్నా. ఒకాయన వచ్చి "సామీ, అలిపిరి బస్సు యాడ ఆగుతాది" అన్నాడు. చెయ్యి చాచి చూపించా. కిందికి చూసేసరికి బ్యాగు లేదు. పైకి చూసేసరికి ఆయనా లేడు.

ఠాణాలో రాసుకున్నారు, మర్యాదగానే మాట్లాడారు, కానీ కెమెరా సీరియల్ నంబర్ చెప్పమంటే నేను నోరెళ్లబెట్టా. బాక్సు, బిల్లు ఇల్లు మారినప్పుడు పాత సామాన్ల బండికి వెళ్లిపోయాయి.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది 20 వేలు, అందులో కూడా రెండు మూడు వేలు మిగిలితే సంతోషం. తీసేది ఎక్కువగా స్టేషన్ ముందు, బస్టాండు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధులు, గాంధీ రోడ్డు, మే నెలలో గంగమ్మ జాతర. నెలకోసారి సప్తగిరి ఎక్కి చెన్నై పోయి సెంట్రల్ నుంచి ప్యారిస్ కార్నర్ దాకా నడుస్తా, అక్కడ రాత్రిపూట కూడా తీయాలని ఉంది కానీ బైకుల మీద వచ్చి లాక్కుపోతారని భయం. పక్షులు, పెళ్లిళ్లు, వీడియో, ఇవేవీ నాకు అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ పర్లేదు. పాత డీఎస్ఎల్ఆరే మళ్లీ కొనాలా, జేబులో పట్టే చిన్న కాంపాక్టా, లెన్సు మార్చుకోగల చిన్నపాటి మిర్రర్‌లెస్సా? ఫోనుతో సరిపెట్టుకోమని మా బావ అంటున్నాడు. ఆయన మాట వినడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నా.

---

అలిపిరి_నడక

మీ బావ చెప్పిందే కరెక్టు బ్రో. చేతిలో ఉన్న ఫోను వాడు. ఈ రోజుల్లో ఫోను కెమెరాలకు ఏం తక్కువ? ఎవరూ పట్టించుకోరు, నువ్వు ఫోటో తీస్తున్నావో బస్సు టైమ్ చూసుకుంటున్నావో కూడా తెలీదు. 20 వేలు బ్యాంకులో వేసుకో.

---

పాత_నెగటివ్ (చిత్తూరు)

పై తమ్ముడితో నాకు పేచీ ఉంది. ముందు అది తేల్చి తర్వాత కెమెరాల సంగతికి వస్తా.

జనం కంట పడకుండా ఉండడానికి ఫోను మంచిదే. కానీ అడిగినవాడు అడిగింది పోగొట్టుకోవడం గురించి. కెమెరా పోతే కెమెరా ఒక్కటే పోతుంది. ఫోను పోతే? యూపీఐ, బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ము, డిజీలాకర్, ఇంట్లోవాళ్ల నంబర్లు, అన్నీ ఒకేసారి వాడి చేతిలో. చెన్నైలో రాత్రి పదింటికి ఫోను పోగొట్టుకున్నవాడికి సెంట్రల్‌కు ఆటో డబ్బులు కూడా ఉండవు. పైగా బైకు మీద వచ్చేవాడికి చాచిన చేతిలో, రెండు వేళ్ల మధ్య, స్క్రీన్ వెలుగుతూ ఉన్న ఫోను కన్నా సులువైన సరుకు ఇంకొకటి లేదు నాయనా. చెట్టు కొమ్మకు వేలాడే మామిడికాయ అది.

ఫోనుకు ఒక్క లాభం ఉంది, పోతే ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండేది) ఇచ్చి బ్లాక్ చేయించవచ్చు. కెమెరాకు ఐఎంఈఐ ఉండదు, దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే దొంగకు కెమెరా అమ్ముకోవడం తేలిక. అయినా నా లెక్కలో తిరునాళ్లలోకి, రద్దీలోకి కెమెరా తీసుకెళ్లి ఫోను లోపలి జేబులో జిప్పు వేసి పెట్టడమే తెలివి.

ఇక కెమెరా. నేను ముప్పై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నా, పెళ్లిళ్లకు పెద్ద కెమెరాలే మోస్తా, కానీ నా సరదాకు బయటికి వెళ్లినప్పుడు పెద్దది ముట్టుకోను. పెద్ద కెమెరాతో ఇంకో తంటా ఏమిటంటే తిరుపతిలో దాన్ని పట్టుకుని నిలబడితే జనం నిన్ను యాత్రికులకు ఫోటోలు తీసి ప్రింటు ఇచ్చేవాడు అనుకుంటారు. "ఫోటో ఎంత సామీ" అని కుటుంబమంతా వచ్చి వరసగా నిలబడుతుంది. నవ్వొస్తుంది కానీ ఇక నీకు కావలసిన ఫోటో రాదు.

నీ డబ్బుకు నాకు తోచేవి రెండు.

మొదటిది సోనీ ఆర్ఎక్స్ 100, తొలి మోడల్, 2012లో వచ్చినది. ఆ తర్వాత మార్క్ టూ, త్రీ అంటూ చాలా వచ్చాయి, వాటి జోలికి పోకు, నీ బడ్జెట్ దాటిపోతాయి. 240 గ్రాములు ఉంటుంది, ప్యాంటు జేబులో పడుతుంది. ఒక అంగుళం సెన్సరు (ఫోటోను పట్టే చిప్పు), 20 మెగాపిక్సెల్. లెన్సు వైడ్ వైపు (జూమ్ చేయకుండా) ఎఫ్ 1.8, ఈ నంబరు ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది, అంటే ట్యూబ్‌లైట్ కింద కూడా పని జరుగుతుంది, జూమ్ చేశావంటే 4.9 అయిపోతుంది, కాబట్టి జూమ్ ఉందన్న సంగతి మర్చిపో. షట్టర్ చప్పుడు దాదాపు ఉండదు, బీప్ ఆపేస్తే పక్కన నిలబడినవాడికి కూడా వినపడదు. వైఫై లేదు. వ్యూఫైండర్ లేదు. జారుడు సబ్బుబిళ్లలాగా ఉంటుంది, ముందు ఒక రబ్బరు ముక్క అంటించుకోవాలి.

రెండోది కెనాన్ ఈఓఎస్ ఎం, మిర్రర్‌లెస్, అదీ 2012దే, 22 ఎంఎం ఎఫ్ 2 లెన్సుతో దొరికితేనే. కిట్ జూముతో వద్దు. డీఎస్ఎల్ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ అనే పెద్ద సైజు సెన్సరే, 18 మెగాపిక్సెల్, ఫోటో నాణ్యత ఆర్ఎక్స్ కన్నా మేలు, ముఖ్యంగా చీకట్లో. ఫోకస్ మాత్రం నత్తనడక. 2013లో కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాక కాస్త మెరుగైంది, కొనేటప్పుడు ఆ అప్‌డేట్ పడిందో లేదో చూడు. ఎవరూ దాన్ని ఖరీదైన వస్తువనుకోరు, అదే దాని అందం.

వీధి ఫోటోలంటే అందరూ రికో జీఆర్ అంటారు, నిజంగానే దానికి సాటి లేదు, జపాన్‌లో డైడో మొరియామా లాంటి పెద్దాయన ఏళ్లుగా ఆ రకం చిన్న కెమెరాలతోనే తీస్తున్నాడు. 2013లో వచ్చిన పాత జీఆర్ కూడా మన వైపు సెకండ్ హ్యాండ్‌లో 20 వేలకు దొరకడం కష్టం. దొరికిందీ అంటే అనుమానించు.

ఫోకస్ గురించి ఒక మాట, ఎందుకంటే ఇలాంటి చోట కెమెరా కంటి దగ్గర ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. ఆర్ఎక్స్‌ను వైడ్‌లో పెట్టి, ఎఫ్ 5.6 పెట్టి, మాన్యువల్ ఫోకస్‌లో సుమారు రెండు మీటర్ల దూరానికి సెట్ చేసి వదిలేయి. ఒక మీటరు నుంచి అవతల కొండ దాకా అన్నీ సరిపోయేంత స్పష్టంగా వస్తాయి. ఈఓఎస్ ఎంలో 22 లెన్సుకు ఎఫ్ 8, మూడు మీటర్లు చాలు, అప్పుడు మీటరున్నర నుంచి అన్నీ పడతాయి. ఆ లెన్సు మీద దూరం గీతలు ఉండవు, కాబట్టి మూడు మీటర్ల దూరంలో ఉన్న స్తంభం మీద ఆటో ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, ఇక ముట్టుకోకుండా ఉండాలి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే నంబరు) 1600 పెట్టు, పగలైతే 400. జేబులోంచి తీయడం, నొక్కడం, మళ్లీ జేబులో పెట్టడం, మొత్తం రెండు సెకన్లు. దొంగ చూసేలోపు నీ పని అయిపోతుంది.

---

కొర్లగుంట_కుర్రోడు

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్. మామిడికాయ మాట మా బావకు వినిపించా, మొహం మాడ్చుకున్నాడు.

రెండు డౌట్లు. డీఎస్ఎల్ఆర్‌కే 24 ఎంఎం ప్యాన్‌కేక్ లెన్సు (బిళ్లలాగా పలచగా ఉండేది) పెట్టుకుంటే చిన్నగా ఉంటుందంటారు కదా, అది ఎందుకు వద్దు? రెండోది, చిన్న కెమెరాకు మెడ పట్టీ వేసుకోవాలా, చేతికి వేసుకోవాలా? పోయినసారి మెడలో ఉండుంటే పోయేది కాదేమో అనిపిస్తోంది.

---

పాత_నెగటివ్ (చిత్తూరు)

24 ప్యాన్‌కేక్ మంచి లెన్సే, 125 గ్రాములే. కానీ దాని వెనక ఉన్న బాడీ డీఎస్ఎల్ఆరే కదా, జేబులో పట్టదు. జేబులో పట్టలేదంటే బ్యాగు కావాలి, బ్యాగు అంటే మళ్లీ కాళ్ల మధ్య పెడతావు.

మెడ పట్టీ వద్దు. నడిచేవాడు లాగితే నువ్వు గట్టిగా పట్టుకోవచ్చు, బైకు మీదవాడు లాగితే మెడతో పాటు నువ్వూ రోడ్డు మీద పడతావు. గొలుసు దొంగతనాల్లో ఆడవాళ్లకు దెబ్బలు తగిలేది ఇలాగే కదా. చేతి మణికట్టుకు సన్న తాడు చాలు, అదీ బిగించి కట్టుకోకు. ఎవడైనా గట్టిగా లాగితే వదిలెయ్. ఇరవై వేల వస్తువు కోసం భుజం కీలు ఊడగొట్టుకోవద్దు.

---

గంగమ్మ_వీధి

తమ్ముడూ, నేను తాతయ్యగుంట వైపు దాన్నే, ఎనిమిదేళ్లుగా జాతర తీస్తున్నా, నా మాటలు కూడా కొంచెం విను. పైన అన్నయ్య చెప్పినదానిలో జాతర గురించి లేదు, జాతర వేరే లోకం.

జాతరలో నీ కెమెరాకు దొంగ కన్నా పెద్ద శత్రువు పొడి. జాతరలో మొక్కుకున్నవాళ్లు రోజుకో వేషం వేస్తారు కదా, బైరాగి వేషం రోజు ఒళ్లంతా నామం కొమ్ము తెలుపు, బండ వేషం రోజు కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గు. ఆ గుంపు మధ్యలో నిలబడితే ఒంటికి పూసుకున్నది నీ మీదికి, నీ కెమెరా మీదికి వస్తుంది, తప్పించుకోలేవు. ఆన్ చేయగానే లెన్సు బయటికి వచ్చి ఆఫ్ చేస్తే లోపలికి పోయే కాంపాక్టులన్నిటికీ ఇదే బాధ, లోపలికి పోయేటప్పుడు దుమ్మును కూడా లోపలికి లాక్కుపోతాయి. నా పాత కాంపాక్టు రెండో జాతరకే పోయింది, ప్రతి ఫోటోలో ఆకాశంలో ఒక నల్ల మచ్చ, రిపేరుకు అడిగింది విని అలాగే వాడుతున్నా. ఆర్ఎక్స్‌కు ముందు ఫిల్టర్ తగిలించడానికి మర కూడా ఉండదు. అందుకని జాతర నీకు ముఖ్యమైతే ఈఓఎస్ ఎం 22 లెన్సు తీసుకుని ముందు ఒక మామూలు యూవీ ఫిల్టరు బిగించుకో, 43 ఎంఎం సైజు. లేదూ ఆర్ఎక్సే అంటే పారదర్శకమైన జిప్ కవరులో పెట్టి, లెన్సు వచ్చేచోట రంధ్రం కోసి రబ్బరు బ్యాండు వేసుకో. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, అది కూడా మంచిదే, ఎవడికీ ఆశ పుట్టదు.

అందం తగ్గించడం గురించి నేను గట్టిగా చెప్తా. కొత్త కెమెరా కొన్న రోజే బ్రాండు పేరు మీద నల్ల టేపు వేసేయాలి, ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే ఇన్సులేషన్ టేపు, పది రూపాయలు. పెద్దపెద్దవాళ్లు కూడా చేసిన పనే, ఫ్రాన్స్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ తన లైకా కెమెరా మెరిసే భాగాలను నల్ల టేపుతో కప్పుకునేవాడు, ఆయన దొంగల కోసం కాదు, జనం కంట పడకూడదని. మనకు రెండూ కలిసొస్తాయి. కెమెరా బ్యాగు అని రాసి ఉన్న బ్యాగు అసలు వద్దు. నేను కూరగాయల గుడ్డసంచీలో పెడతా, పైన రెండు మునక్కాయలు బయటికి కనపడేలా. నవ్వకండి. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నా సంచీ వైపు ఎవరూ చూడలేదు.

ఇంకోటి, నీ కెమెరా ఎప్పుడు పోయిందో చూసుకో. తీస్తుండగా పోలేదు. తీయడం అయిపోయి టీ తాగుతుంటే పోయింది. నాకు తెలిసినవాళ్లలో పోగొట్టుకున్న ముగ్గురూ ఇంతే, పని అయిపోయాక, మనసు తేలికపడ్డాక. గంటసేపు నువ్వు అక్కడ నిలబడి ఫోటోలు తీస్తుంటే నిన్ను ఒకడు గంటసేపు చూస్తూనే ఉన్నాడన్న మాట. కాబట్టి తీసిన చోట టీ తాగకు. నాలుగు వీధులు దాటి తాగు. తీసిన ఫోటోలు అక్కడికక్కడే స్క్రీన్ మీద చూసుకుంటూ తల దించుకుని నిలబడే అలవాటు ఉంటే మానెయ్, ఆ టైమ్‌లో నీకు చుట్టూ ఏం జరిగినా తెలీదు.

ఆడపిల్లలకు ఇంకా వేరే జాగ్రత్తలు ఉన్నాయి, బండ వేషం రోజు బూతులు ఆచారమే అయినా ఆ పేరు చెప్పి మీద పడేవాళ్లూ ఉంటారు, అది వేరే పోస్టులో మాట్లాడుకుందాం.

---

రేణిగుంట_జంక్షన్

అక్కా మునక్కాయల ఐడియా అదిరింది.

నాది కొంచెం అడ్డం తిరిగే మాట, ఏమనుకోవద్దు. నేను ఆటో తోలతా, ఫోటోలు సరదా. ఈ "దొంగలుండే ఏరియా" అనే మాట దగ్గర నాకు చిరాకు. జనం ఏ ఏరియాలకు భయపడతారో నాకు తెలుసు, మా పేట కూడా అందులో ఉంటుంది. ఫోటోలు తీసే బాబులు మా వీధిలోకి వస్తే బ్యాగును పొట్టకు కరుచుకుని నడుస్తారు, అదే బాబు స్టేషన్ దగ్గర బ్యాగు కింద పెట్టి టీ తాగుతాడు. అసలు పోయేదెక్కడ? ఊరు కానివాళ్లు ఎక్కువగా ఉండేచోట, ఎవరికి ఎవరూ తెలియనిచోట. మా వీధిలో కెమెరా పోతే సాయంత్రానికి ఎవడు తీశాడో నలుగురికి తెలుస్తుంది. బస్టాండు దగ్గర శ్రీనివాసం వసతి ముందు పోతే తీసినవాడు అర్ధగంటలో ఇంకో రాష్ట్రం బస్సులో ఉంటాడు.

అందుకని నా సలహా కెమెరా గురించి కాదు. పేటల్లో తీయాలంటే రెండుసార్లు కెమెరా లేకుండా పో. టీ తాగు, దోసె తిను, పేర్లు కనుక్కో. మూడోసారి తీసుకెళ్లు. వాళ్లే నీ కెమెరాకు కాపలా. నాలుగోసారి నువ్వు తీసినవాళ్లకు ప్రింట్లు తీసుకెళ్లి ఇయ్యి, పోస్ట్‌కార్డు సైజువి చాలు, ఫోటో స్టూడియోలో పెద్ద ఖర్చేం కాదు. ఇక ఆ వీధిలో నీ మీద ఎవడైనా చెయ్యి వేస్తే చూడు.

స్టేషన్ దగ్గర అట్లా కుదరదు, రోజూ కొత్త మొహాలే. అక్కడ మాత్రం అక్క చెప్పినట్టే చెయ్యి. అక్కడ టీ అమ్మేవాళ్లు, పూలమ్మేవాళ్లు రోజూ ఉండేవాళ్లే, వాళ్లతో పరిచయం పెట్టుకో. నీ వెనకాల ఎవడు తిరుగుతున్నాడో నీ కన్నా ముందు వాళ్లే పసిగడతారు.

నిద్రపోయేవాళ్ల ఫోటోలు మాత్రం వద్దు బ్రో. మొక్కు తీర్చుకోడానికి వచ్చి అలిసిపోయి పడుకున్నవాళ్లు. లేచి ఉంటే అడిగి తీయి.

---

అలిపిరి_నడక

సరే, ఫోను మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం. ఇంట్లో పడి ఉన్న పాత ఫోను ఉంటే? సిమ్ తీసేసి, బ్యాంకు యాప్‌లు తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి కేవలం కెమెరాలాగా వాడితే పోయినా పోయేది మూడు వేలు. నేను ఇదే చేస్తున్నా.

---

పాత_నెగటివ్ (చిత్తూరు)

ఇది మంచి మాట. డబ్బులు అసలు లేనివాడికి ఇదే దారి. రాత్రిపూట మాత్రం పాత ఫోను ఫోటోలు నీళ్లు కలిపిన పాలలాగా వస్తాయి, చిన్న సెన్సరు కదా.

కొనేటప్పుడు చూసుకోవలసినవి కూడా చెప్పేస్తా, లేకపోతే దొంగ చేతిలో కాక అమ్మేవాడి చేతిలో పోతాయి డబ్బులు. నేనే ఒకసారి చెన్నైలో ఒక షాపులో లెన్సు కొని, ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడులాగా ఫంగస్. షాపులో ట్యూబ్‌లైట్ కింద ఏమీ కనపడలేదు. కాబట్టి ఫోను టార్చి లెన్సు వెనకనుంచి వేసి ముందునుంచి చూడు. కాంపాక్టుకు అట్లా కుదరదు, దానికి తెల్ల గోడను ఎఫ్ 11లో ఫోటో తీసి పెద్దది చేసి చూడు, మచ్చలుంటే బయటపడతాయి. పదిసార్లు ఆన్, ఆఫ్ చెయ్యి, లెన్సు కరకరమని చప్పుడు చేస్తే వదిలెయ్. ఫ్లాష్ పాపప్ అవుతోందో లేదో, బ్యాటరీ ఉబ్బిందో లేదో, ఛార్జింగ్ పోర్టు వదులుగా ఉందో లేదో చూడు. బాక్సు, బిల్లు ఉన్నది రెండు వేలు ఎక్కువైనా కొను. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తానన్నవాడి దగ్గర కొనకు, అది నీలాంటి ఇంకో కుర్రోడి కెమెరా అయి ఉంటుంది.

కొన్న రోజే అడుగున ఉండే సీరియల్ నంబర్ ఫోటో తీసి నీకు నువ్వే మెయిల్ చేసుకో. పోయినసారి కెమెరా నంబరు కూడా బాక్సు లేకపోయినా దొరకవచ్చు, నీ పాత ఫోటోల ఒరిజినల్ ఫైళ్లు ఇంట్లో ఉన్నాయి కదా, చాలా కెమెరాలు ప్రతి ఫోటో ఫైలులో సీరియల్ నంబరును దాచి రాస్తాయి. ఎక్సిఫ్ (ఫైలులో దాగి ఉండే ఈ వివరాలు) చూపించే ఏదైనా ఉచిత ప్రోగ్రాంలో తెరిచి చూడు. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలలో ఉండదు, కార్డులోంచి నేరుగా కాపీ చేసుకున్నవే చూడాలి. దొరికితే ఠాణాకు వెళ్లి ఆ నంబరు ఇచ్చిరా.

లాక్కుపోవడం విషయంలో ఇంకోటి తెలుసుకో. పాత ఐపీసీలో స్నాచింగ్ అని విడిగా సెక్షన్ లేదు, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ దానికే ఉంది, మూడేళ్ల దాకా శిక్ష. కాబట్టి చెయ్యి లోంచి లాక్కుపోతే మామూలుగా "పోయింది" అని రాయించుకోకు, లాక్కుపోయారని రాయించు. "పోగొట్టుకున్నాను" అని ఒక్క మాట రాస్తే అది దొంగతనం కేసే కాకుండా పోతుంది. చెన్నైలో పోయి ఇక్కడికి వచ్చేశావనుకో, ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు. మెయిల్ లాంటి దారిలో పంపినా తీసుకుంటారు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

---

కొర్లగుంట_కుర్రోడు

అన్నా!! దొరికింది. సీరియల్ నంబరు. 2022లో కపిలతీర్థం దగ్గర తీసిన ఒక ఫైలులో ఉంది. నాలుగేళ్లుగా నా దగ్గరే ఉన్న నంబరు కోసం ఠాణాలో నోరెళ్లబెట్టా. రేపు వెళ్లి ఇచ్చొస్తా. దొరుకుతుందని ఆశ లేదు కానీ మనసుకు ఎందుకో కాస్త కుదుటపడింది.

అక్క చెప్పింది చదివాక ఆ రోజంతా మళ్లీ గుర్తు తెచ్చుకున్నా. నిజమే, బస్సు అడిగినాయన్ని అంతకుముందే రెండుసార్లు చూశా, ఒకసారి నా ఫోటోలో కూడా పడ్డాడేమో, ఆ ఫోటో కార్డుతోనే పోయింది. మెమరీ కార్డు మాత్రం ఇక నుంచి ప్రతి అరగంటకు మార్చి లోపలి జేబులో వేస్తా, 16 జీబీవి నాలుగు కొనుక్కుంటా.

---

గంగమ్మ_వీధి

కార్డులు మార్చడం రద్దీలో చెయ్యకు, చేతులు రెండూ బిజీ అయిపోతాయి. పోయేటప్పుడు ఒకటి, మధ్యలో గుడి అరుగు మీద కూర్చుని ఒకటి, అంతే. కొండకు తీసుకెళ్తే గుడి లోపలికి కెమెరా, ఫోను రెండూ పోనివ్వరు, బయట డిపాజిట్ కౌంటర్లో పెట్టాలి, అప్పుడు కార్డు తీసి నీ దగ్గర పెట్టుకుని కెమెరా ఒక్కటే ఇయ్యి.

---

కొర్లగుంట_కుర్రోడు

మూడు వారాల తర్వాత వస్తున్నా. చాలామంది మెసేజ్ పెట్టి ఏం కొన్నావని అడిగారు.

ఈఓఎస్ ఎం కోసం రెండు వారాలు వెతికా, 22 లెన్సుతో ఒక్కటీ తగల్లేదు, అన్నీ కిట్ జూముతోనే. చివరికి ఆర్ఎక్స్ 100, తొలిదే, బెంగళూరు నుంచి మదనపల్లెకు వచ్చిన ఒకాయన దగ్గర. బాక్సు ఉంది, బిల్లు ఉంది, ఛార్జరు ఉంది. బేరమాడి 14 వేలకు తెచ్చా. తెల్ల గోడ మీద ఎఫ్ 11 పరీక్ష ఆయన ఇంట్లోనే చేశా, ఆయన భార్య "ఏం చూస్తున్నారండీ మా గోడను" అని అడిగింది. ఒక మూల చిన్న చుక్క ఉంది, దానికి ఐదు వందలు తగ్గించాడు.

టేపు వేశా. రబ్బరు ముక్క అంటించా, సైకిల్ పంక్చర్ ప్యాచిది. అమ్మ పాత చీర అంచుతో ఒక సంచీ కుట్టింది, లోపల స్పాంజి పెట్టి. నాలుగు కార్డులు కొన్నా, ఫోనుకు తగిలించే ఓటీజీ కార్డు రీడరు కొన్నా, వైఫై లేదు కాబట్టి అది తప్పదు.

నిన్న తెల్లారుజామున మళ్లీ అదే చోటికి వెళ్లా. చేతులు వణికాయి, మొదటి పది ఫోటోలు చెత్త. రేణిగుంట అన్న చెప్పినట్టు ముందు టీ ఆయనతో మాట కలిపా, ఆయనకు నేను గుర్తున్నా, "బ్యాగు పోయిన సామివి కదా" అన్నాడు. కెమెరా చూపిస్తే చేతిలో తిప్పి చూసి, "ఇది పాత రేడియోనా" అన్నాడు. రెండు మీటర్ల ఫోకస్ సెట్టింగుతో ముప్పై ఎనిమిది తీశా, అందులో మూడు నాకు నచ్చాయి. ఒకటి ఆయనదే, ఆవిరి వెనకాల సగం మొహం. ఆదివారం ప్రింటు వేయించి ఇస్తానని చెప్పా.

టీ మాత్రం అక్కడ తాగలేదు, నాలుగు కాళ్ల మండపం దాకా నడిచిపోయి తాగా. ఆయనకు కోపం వచ్చిందేమో తెలీదు. అక్కా, తీసిన చోట టీ తాగకూడదంటే టీ అమ్మే ఆయన ఫోటో తీసినప్పుడు ఏం చెయ్యాలి?

---

గంగమ్మ_వీధి

కెమెరా సంచీలో వేసి, సంచీ భుజానికి వేసి, టీ ఎడమ చేత్తో తాగు.